జేబులో స్వయంపాకం

ఆస్తిని స్థావరమనీ జంగమమనీ రెండుగా విడగొట్టడం మన పాత దస్తావేజుల పద్ధతి. ఇల్లూ పొలమూ స్థావరం. నగలూ పశువులూ జంగమం. కంప్యూటరులో నడిచే ఉపకరణాలకూ ఈ విభజన చక్కగా అతుకుతుందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఒక యంత్రంలో స్థాపించుకుంటే అక్కడే వేళ్లు పాతుకుని, యంత్రం మారితే మళ్లీ మొదటినుంచి స్థాపించుకోవలసినవి స్థావరాలు. పెన్ డ్రైవులో పెట్టుకుని, ఏ యంత్రం దొరికితే దానికి తగిలించి నడుపుకుని, పని కాగానే జేబులో వేసుకుని వెళ్లిపోగలిగినవి జంగమాలు. 'పోర్టబుల్' అన్న మాటకు ఇంతకంటే మంచి తెలుగు ఎవరైనా సూచిస్తే సంతోషమే. అంతవరకు ఈ టపాలో జంగమమే.

సొంత యంత్రం ఉన్నవారికి ఇదొక సౌకర్యం మాత్రమే. లేనివారికి సంగతి వేరు. నేను 2006 నుంచి 2009 వరకు కాంట్రాక్టు లెక్చరరుగా మూడు ఊళ్లలో తెలుగు పాఠాలు చెప్పాను: నరసరావుపేట, మార్కాపురం, కందుకూరు. ఏడాదికొకసారి మారే ఉద్యోగం, అద్దె గది, ఒక ట్రంకుపెట్టె, రెండు అట్టపెట్టెల పుస్తకాలు. కంప్యూటరు కొనే స్థోమత లేదు. ఉన్నా దాన్ని ఏటా లారీకెత్తించే ధైర్యం లేదు. కళాశాల ప్రయోగశాలలో సాయంత్రం ఒక గంట, నెట్ కేఫులో రాత్రి ఒక గంట, సెలవుల్లో గుంటూరులోని మిత్రుడి ఇల్లు. ఇవే నా రాతబల్లలు.

రాయవలసినది నా సొంత సాహిత్యం కూడా కాదు, మా అమ్మ పాటలు. అప్పటికి ఆమెకు డెబ్బై రెండేళ్లు. మేలుకొలుపులు, ఉయ్యాల పాటలు, అప్పగింతల పాటలు, వీటన్నిటికీ మించి స్త్రీల రామాయణపు పాటలు. లక్ష్మణదేవర నవ్వు, ఊర్మిళాదేవి నిద్ర వంటివి అచ్చులో దొరుకుతాయి కదా అని మీరు అడగవచ్చు. దొరుకుతాయి. అమ్మ పాడేది మాత్రం అచ్చులో ఉన్న పాఠం కాదు. వాళ్ల అమ్మమ్మ నోట విన్నది, మధ్యలో రెండు తరాల ఆడవాళ్లు తమ కష్టసుఖాలను కలిపి పెంచినది. పైగా ఆమె ఏ పాటా రెండుసార్లు ఒకేలా పాడేది కాదు. ఆదివారం ఇంటికి వెళ్లి కాగితాల మీద గిలికి తెచ్చుకున్నది వారంలో ఎక్కించి, ఫోనులో ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. "ఒరే, అక్కడ వదినె కాదురా, మరదలు" అని దిద్దేది. దిద్దుబాట్లన్నీ నేరుగా ఫైలులోకే వెళ్లేవి. నెట్ కేఫులో నా పక్కవాళ్లు చెవులకు యంత్రాలు తగిలించుకుని కౌంటర్ స్ట్రైకులో ఒకరినొకరు కాల్చుకుంటూ ఉంటే, నేను ఊర్మిళ నిద్రను గొంతు తగ్గించి చదువుతూ ఉండేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. మన నెట్ కేఫులు సహనానికి పుట్టిళ్లు.

ఇక తెలుగు కనబడడం సంగతి. ఆ కాలాన్ని ఎరిగినవారికి 'డబ్బాలు' అంటే చాలు, వివరణ అక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సక్రమంగా కనిపించాలంటే ప్రాంతీయ అమరికల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతును చేతనం చేయాలి. అందుకు ఎక్స్‌పీ సీడీ కావాలి, ఆపైన యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రయోగశాలల్లోనూ కేఫుల్లోనూ చాలాచోట్ల డీప్ ఫ్రీజ్ అనే ఉపకరణం ఉండేది. యంత్రం ఆగి తిరిగి మొదలైన ప్రతిసారీ అంతకుముందు జరిగిన మార్పులన్నిటినీ చెరిపివేసి పాత స్థితికి తీసుకురావడం దాని పని. పిల్లల అల్లరి నుంచి యంత్రాన్ని కాపాడడానికి అది బంగారం వంటి ఉపకరణమే. మా తెలుగుకు మాత్రం ఉరితాడు. మద్దతు పనిచేయాలంటే యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టాలి. తిరిగి మొదలుపెడితే మద్దతు మాయం. ఎన్ని సీడీలు సంపాదించినా ఆ యంత్రాలకు తెలుగు రాదు. నిర్వాహకులను అడిగితే అది తమ చేతుల్లో లేదనేవారు, తాళపు పదం యంత్రాలు అమ్మినవాళ్ల దగ్గర ఉండేది.

2006 చివర పన్నెండు వందల యాభై రూపాయలు పెట్టి 1 జీబీ పెన్ డ్రైవు కొన్నాను. నా నెల అద్దెకంటే ఎక్కువ. 2000లో బజారుకు వచ్చిన తొలి పెన్ డ్రైవుల్లో పట్టేది 8 ఎంబీలే అని చదివి, నా దానిలో అటువంటివి నూటపాతిక ఇమిడి ఉన్నాయని మురుసుకున్నాను. అందులో మొదట చేరినది జంగమ ఫైర్‌ఫాక్స్. జాన్ హాలర్ అనే అమెరికా ప్రోగ్రామరు 2004లో దీన్ని తయారుచేసి ఉచితంగా పంచాడు. తరువాత అదే దారిలో ఓపెన్ ఆఫీసు, థండర్‌బర్డ్ వంటివెన్నో జంగమాలయ్యాయి. ఫైర్‌ఫాక్స్‌కు నాగార్జున వెన్న గారి పద్మ పొడిగింతను తగిలిస్తే, రకరకాల సొంత ఖతులలో ఉన్న తెలుగు పత్రికల పుటలు యూనికోడులోకి మారి కనిపించేవి. ఆ పొడిగింత కూడా నా జేబులోనే ఉండేది. అడిగిన ఊళ్లో అడిగిన యంత్రంలో నా గురుతులు, నా అమరికలు, నా పద్మ! మొదటిసారి ఆ విహారిణిని కేఫులో తెరిచిన రాత్రి కలిగిన ఆనందం, ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఇది పనిచేసే తీరు తెలుసుకున్నప్పుడు నాకు మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన పురాణం చెబుతూ ఊళ్లు తిరిగేవారు. ఎవరింట దిగినా స్వయంపాకమే. సంచిలో ఒక ఇత్తడి గిన్నె, గరిటె, చెంబు. గృహస్థు బియ్యం, పప్పు, కట్టెలు ఇస్తాడు, పొయ్యి చూపిస్తాడు. తన గిన్నెలో తాను వండుకుని, తిని, తోముకుని, పొయ్యి అలికించి, గిన్నె సంచిలో వేసుకుని వెళ్లిపోయేవారు. ఆ ఆచారం వెనుక ఉన్న అంటూముట్టూ లెక్కలను నేను సమర్థించను. ఆ సంచి నేర్పును మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

జంగమ ఉపకరణం చేసేది సరిగ్గా ఇదే. మామూలు ఉపకరణం తన అమరికలను కొంత విండోస్ రిజిస్ట్రీలో, కొంత వాడుకరి పేరిట ఉండే ఫోల్డర్లలో చల్లుతుంది. అందుకే దాని ఫోల్డరును ఉన్నపళంగా ఎత్తి ఇంకో యంత్రంలో పెడితే సగం మరిచిపోయినట్లు ప్రవర్తిస్తుంది. జంగమంలో అసలు ఉపకరణానికి ముందు ఒక చిన్న ప్రారంభకం ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌ను తెరిచేటప్పుడు 'నీ సామాను ఈ యంత్రంలో వెతకవద్దు, ఇదిగో ఈ ఫోల్డరులో ఉంది' అని చెప్పి తెరుస్తుంది. రిజిస్ట్రీలో రాయక తప్పని ఉపకరణమైతే, ఆతిథేయి రాసుకున్నది ముందుగా పక్కన దాచిపెట్టి, మనది అక్కడ పరిచి, పని ముగిశాక మనది తీసుకుని వారిది మళ్లీ యథాస్థానంలో పెడుతుంది. గిన్నె మనది, పొయ్యి వారిది.

చిన్న చిక్కులు లేకపోలేదు. ఒక యంత్రం పెన్ డ్రైవును 'ఈ' అంటే ఇంకొకటి 'జి' అనేది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్లేసరికి మన ఇంటిపేరే మారిపోయినట్లు. పూర్తి చిరునామా గుర్తుపెట్టుకునే ఉపకరణాలు ఇక్కడ తికమకపడతాయి కనుక, ప్రారంభకం పాత అక్షరం చూసి కొత్త అక్షరంతో చిరునామాలను దిద్దేది. ఇంకొకటి, పెన్ డ్రైవులోని జ్ఞాపకపు గదులు కొన్ని వేలసార్లు రాసి చెరిపాక అరిగిపోతాయి. అందువల్ల విహారిణి చూసిన ప్రతి పుటనూ డ్రైవులో దాచుకోకుండా ఆ అలవాటును మాన్పించి పంపారు. అన్నిటికంటే కష్టం, విద్యుత్తు. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగేది. వేసవిలో కరెంటు కోత వేళలు నాకు కంఠతా వచ్చేవి.

ఖతికి ఓపెన్ ఆఫీసు దారి చూపింది. అది తన ఫోల్డరులో ఉన్న ఖతులను యంత్రంతో నిమిత్తం లేకుండా తానే చదువుకోగలదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ఉచితంగా ఇచ్చిన పోతన ఖతిని అందులో పెట్టి, అమరికల్లో సంక్లిష్ట లిపులను ఒక్కసారి చేతనం చేసుకుంటే చాలు, ఒత్తులు తమ తమ చోట్ల కుదురుగా కూర్చునేవి. ఖతిని యంత్రంలోనే అతికించుకోనిచ్చే చోట అది మరీ సులువు. వెళ్లేముందు తీసివేయనక్కరలేదు కూడా, యంత్రం ఆపగానే డీప్ ఫ్రీజే ఊడ్చిపెట్టేది. మమ్మల్ని ఏడిపించినదే మా ఎంగిలి ఎత్తేది!

టైపు చేయడానికి వీవెన్ గారి లేఖిని. అది జాలంలో ఉన్న పుటే అయినా, రోమను అక్షరాలను తెలుగులోకి మార్చే పనంతా మన విహారిణిలోనే జరుగుతుంది. పుటను భద్రపరచుకుని పెన్ డ్రైవులో పెట్టుకుంటే, జాలం లేని యంత్రంలోనూ రాస్తుంది. స్థాపన లేదు, ప్రారంభకం లేదు, అనుమతి అడగదు. నా దృష్టిలో నా డ్రైవులో ఉన్నవాటన్నిటిలోకీ నిజమైన జంగమం అదే. రాసినదాన్ని ఓపెన్ ఆఫీసు ఫైలుగా ఒకటి, ఏ అలంకారమూ లేని పాఠ్యం ఫైలుగా ఒకటి, రెండు విధాలా దాచేవాణ్ణి.

2008 వేసవిలో, ఊరి పేరు అనవసరం, ఒక కేఫులో డ్రైవు తగిలించి తెరిస్తే నా ఫోల్డర్లన్నీ చూడడానికి యథాతథంగానే ఉన్నాయి, కాని 'అమ్మ' అన్న ఫోల్డరును నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. డ్రైవు దీపం మాత్రం విరామం లేకుండా మిణుకుమంటోంది. లక్షణాలు చూస్తే అది ఫోల్డరే కాదు. ఫోల్డరు బొమ్మ ముఖానికి తగిలించుకున్న ఒక ప్రోగ్రాము. పాటల ఫోల్డరు ఉన్నచోట అదే పేరుతో ఒక పురుగు కూర్చుంది. నూట నలభై పైచిలుకు పాటలు. గుంటూరు మిత్రుడి యంత్రంలో సంక్రాంతినాటి నకలు ఒకటి ఉంది, అయితే ఆ తరువాత నాలుగు నెలల పాటు అమ్మ ఫోనులో చేసిన దిద్దుబాట్లు ఎక్కడా లేవు. అప్పటికి ఆమెకు గుండె నీరసం మొదలై పాడడం తగ్గించింది. పొడుగు పాటలు మధ్యలో ఆపి, "రేపు చెబుతాలేరా" అనేది.

కేఫులో కూర్చునేది ఇంటర్ చదివే కుర్రాడు. విషయం చెబితే వచ్చి చూసి, "కంగారు పడకండి సార్, ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి" అన్నాడు. నల్లని ఆదేశాల కిటికీ తెరిచి, అట్రిబ్ అని కొట్టి, మైనస్ ఎస్, మైనస్ హెచ్ అంటూ ఒక వరుస రాశాడు. ఆ పురుగు ఫోల్డర్లను చెరపదట. వాటిని వ్యవస్థకు చెందినవిగా, కనబడరానివిగా గుర్తు వేసి, వాటి వేషం తాను వేసుకుంటుందట. మనం నొక్కితే దానికి ఊపిరి. ఆ గుర్తులు చెరిపేసరికి పాటలు ఒక్కొక్క వరుసే బయటికి వచ్చాయి. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇంకో ఉపాయమూ నేర్పాడు: ఈ పురుగులు తమంత తాము మేలుకోవడానికి ఆటోరన్ పేరుతో ఒక ఫైలు పెడతాయి కనుక, ముందే అదే పేరుతో ఒక ఖాళీ ఫోల్డరు చేసి ఉంచితే చాలావాటికి తావు దొరకదు. డబ్బులివ్వబోతే గంటకు పదిహేను రూపాయలు మాత్రం తీసుకున్నాడు. వాడు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో!

ఆ ఏడాది నవంబరులో కాన్‌ఫికర్ అనే పురుగు బయలుదేరి ప్రపంచమంతా పాకింది. పెన్ డ్రైవు కూడా దాని వాహనాల్లో ఒకటి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోసులకు కూడా సవరణ పంపి, పెన్ డ్రైవు తగిలించగానే దానంతటది నడిచే ఏర్పాటును ఆపివేసేవరకు ఈ బెడద తగ్గలేదు. జంగమాలను మోసే డ్రైవే రోగాలనూ మోసింది. నలుగురిళ్లకూ తిరిగేవారితో ఉండే చిక్కే ఇది.

స్వయంపాకానికి ఉన్న అసలు పరిమితిని కూడా చెప్పాలి. గిన్నె మనదే అయినా నీళ్లు వారివి. కీబోర్డు వారిది, తెర వారిది, జ్ఞాపకశక్తి వారిది. మీట మీట లెక్కగట్టి రాసుకునే దొంగ ఉపకరణం ఆ యంత్రంలో కూర్చుని ఉంటే మన విహారిణి ఎంత మడిగా ఉన్నా ప్రయోజనం లేదు. నొక్కిన అక్షరం మనకు చేరేముందే వాడికి చేరుతుంది. 'ఎక్కడైనా మీ సొంత కంప్యూటరు' అని జంగమాలను పొగిడేవారి మాట నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. బ్యాంకు పని నేను పెన్ డ్రైవు నుంచి ఒక్కసారీ చేయలేదు. పాటలు వేరు. దొంగ విన్నా నష్టం లేదు, రెండు నేర్చుకుంటే మంచిదే.

ఇదంతా కొత్త ఆలోచన అనుకునేవారు కూడా పొరపడతారు. డాస్ రోజుల్లో దాదాపు అన్నీ జంగమాలే. ఫ్లాపీ దూర్చి పేరు కొడితే నడిచేవి, తీస్తే పోయేవి. స్థాపించడం, రిజిస్ట్రీలో నమోదు కావడం ఆ తరువాతి ఆచారాలు. మధ్యలో యూ3 అని రెండు పెన్ డ్రైవు సంస్థలు కలిసి 2005 ప్రాంతంలో ఒక పద్ధతి తెచ్చాయి. దానికి ప్రత్యేకమైన డ్రైవు కావాలి, ఉపకరణాలూ ప్రత్యేకంగా తయారుకావాలి. ఆ దశాబ్దం ముగిసేసరికి అది కనుమరుగైంది. ఏ డ్రైవులోనైనా నడిచే హాలర్ మార్గం నిలిచింది.

అమ్మ 2013లో వెళ్లిపోయింది. పాటల్ని పుస్తకంగా చేయాలన్న పని అలాగే ఉండిపోయి, 2023లో ఉద్యోగం నుంచి కొంత తీరిక చిక్కాక పాత డ్రైవు తీశాను. పాటల నకళ్లు వేరేచోట్ల ఉన్నాయి. ఇది కేవలం కుతూహలం. విద్యుత్తు లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఈ డ్రైవులు జ్ఞాపకాన్ని కోల్పోతాయంటారు, మా డ్రైవు మాత్రం మాట నిలబెట్టుకుంది. ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంది. అయితే ఒక్క జాలపుట కూడా రాలేదు. ఈ పదిహేనేళ్లలో జాలం తాళాలన్నీ మార్చుకుంది, 2007 నాటి తాళంచెవి వాటిలో దూరదు. పద్మకు మార్చవలసిన పుటలే లేవు, నాకు తెలిసిన పత్రికలన్నీ యూనికోడులోకి వచ్చేశాయి. లేఖిని పుటను ఇప్పటి విహారిణిలో తెరిస్తే మాత్రం నిన్న మూసినట్లే ఉంది. 'అమ్మ' అని కొట్టాను, వచ్చింది. పాఠ్యం ఫైళ్లు ఫోనులో కూడా తెరుచుకున్నాయి, ఆమె దిద్దిన 'మరదలు'తో సహా.

పుస్తకం కూర్చి పీడీఎఫ్ చేశాక, నమూనా ప్రతి కోసం విజయవాడలో ఒక జిరాక్స్ కొట్టుకు వెళ్లాను. పెన్ డ్రైవు చాపితే కుర్రాడు దాన్ని నాణెంలా తిప్పి చూసి, "వాట్సాప్ చెయ్యండి సార్, పెన్ డ్రైవులు పెట్టొద్దన్నారు, వైరస్ వస్తుందని" అన్నాడు. నవ్వొచ్చింది. పంపాను. అతని యంత్రంలో పీడీఎఫ్ చదివేది దేనికో అలిగి, పుట మధ్యలో ఆగిపోయింది. రెండుసార్లు ప్రయత్నించాడు. వెనుక నలుగురు ఆధార్ కార్డులు పట్టుకుని నిలుచున్నారు.

"బాబూ, ఒక్కసారి ఈ డ్రైవు పెట్టనిస్తావా? స్కాన్ చేసుకో ముందు" అన్నాను.

చేసుకున్నాడు. సుమత్రా అనే చిన్న జంగమ పీడీఎఫ్ చదువరి ఉంది అందులో, మొత్తం ఒక్కటే ఫైలు. దాన్ని నొక్కి పుస్తకం తెరిచాను. తొంభై నాలుగు పుటలు ఆగకుండా వచ్చాయి. స్పైరల్ బైండింగుకు నలభై రూపాయలు వేరుగా తీసుకున్నాడు. డ్రైవు తీసి ఇవ్వబోతూ, "సార్, ఇది కాపీ చేసుకోవచ్చా మాకు?" అని అడిగాడు.

"పాటలా?" అన్నాను ఆశగా.

"కాదు సార్, ఆ సుమత్రా."